తాళం తిప్పే ముందు



ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపడ్డ మేడ్చల్ దారిలో ఇప్పుడు వరసగా రేకుల గోడౌన్లు కనిపిస్తాయి. శంషాబాద్ వైపు వెళ్లినా, పటాన్‌చెరు వైపు వెళ్లినా అంతే. విశాఖ ఓడరేవు చుట్టుపక్కలా, తిరుపతి జిల్లా శ్రీసిటీలోనూ అలాంటివే. ఇంటికి వచ్చే మిక్సీ, పిల్లవాడి సైకిలు, కిరాణా కొట్టులోని సబ్బుల పెట్టె, ఆసుపత్రికి చేరే సెలైన్ సీసాలు ఎక్కడో ఒకచోట ప్యాలెట్ మీదికెక్కి, ర్యాకుల్లో అయిదారు మీటర్ల ఎత్తున కొన్నాళ్లుండి వచ్చినవే. వాటిని లారీలోంచి దించి, అంత ఎత్తుకు చేర్చి, మళ్లీ దించి మరో లారీకి ఎక్కించేది ఫోర్క్‌లిఫ్ట్. ఆ బండి తాళం తిప్పకముందు జరగవలసిన పది నిమిషాల పని గురించే ఈ ప్రసంగం.

చూడటానికి అది చిన్న బండి. ఇరుకు సందుల్లో సులువుగా తిరుగుతుంది. నెమ్మదిగా పోతుంది. అందుకే దాన్ని చూసి ఎవరూ పెద్దగా భయపడరు. కానీ రెండున్నర టన్నులు ఎత్తే మామూలు డీజిల్ ఫోర్క్‌లిఫ్ట్ సొంత బరువే మూడున్నర, నాలుగు టన్నుల దాకా ఉంటుంది. ముందు మోసే బరువుకు తూకంగా వెనక పెద్ద పోతఇనుప దిమ్మ బిగిస్తారు. స్టీరింగ్ తిప్పితే తిరిగేవి వెనక చక్రాలు. అందువల్ల ముందు భాగం మలుపు తిరుగుతున్నప్పుడు వెనక భాగం విసురుగా పక్కకు వస్తుంది. ఆ పక్కన గోడకు ఆనుకుని మనిషి ఉంటే తప్పించుకునే చోటు ఉండదు. పైగా ఇలాంటి బండ్లలో ఎక్కువ వాటికి బ్రేకులు పడేది ముందు చక్రాలకే. కారు నడపడం బాగా వచ్చినవాడికైనా ఈ బండి కొత్తే. దానికి వేరే శిక్షణ కావాలి.

అమెరికాలో పనిచోట భద్రతను పరిశోధించే ప్రభుత్వ సంస్థ ఒకటుంది. నియోష్ అంటారు. ఆ సంస్థ 1980 నుంచి 1994 వరకు ఫోర్క్‌లిఫ్ట్ మరణాల లెక్క తీసింది. ఆ పదిహేనేళ్లలో చనిపోయినవారు 1,021 మంది. వాళ్లలో 22 శాతం మంది బండి బోల్తాపడి పోయారు. 20 శాతం మంది బండి మీద ఉన్నవాళ్లు కారు, నడిచి వెళ్తూ దాని దెబ్బకు పోయినవాళ్లు. అంటే ప్రతి అయిదు మరణాల్లో ఒకటి, ఆ బండి మీద లేకుండా, నేల మీద ఉన్న మనిషిది. అందుకే బండి తనిఖీని ఆపరేటర్ సొంత క్షేమానికి సంబంధించిన విషయంగా మాత్రమే చూడటం సరికాదు. ఆ గోడౌన్‌లో అడుగుపెట్టే హమాలీ, లారీ డ్రైవరు, క్లీనరు, ఊడ్చే ఆవిడ, అందరి ప్రాణమూ అందులో ఉంది.

అదే సంస్థ విడిగా దర్యాప్తు చేసిన ప్రమాదాల్లో ఒకటి 1996 సెప్టెంబరు 18న జరిగింది. ప్రకటన బోర్డులు తయారుచేసే కంపెనీ అది. దాని అధ్యక్షుడే, 43 ఏళ్ల మనిషి, లారీ మీది ఉక్కు గొట్టాలను ఫోర్క్‌లిఫ్ట్‌తో దించుతున్నాడు. వేగం గంటకు ఎనిమిది కిలోమీటర్లే. నేల కాంక్రీటు. వాలు కూడా 3 శాతమే, కంటికి సరిగా ఆనని వాలు. బండిని లారీ వెనక వైపుకు మలుపు తిప్పేసరికి అది ఒక పక్కకు ఒరగడం మొదలుపెట్టింది. ఆయన సీటులోంచి బయటికి దూకాడు. బండి ఆయన మీదే పడింది. ఆపరేటర్ తలను కాపాడటానికి పెట్టిన పైకప్పు చట్రం కిందే తలా మెడా కాంక్రీటుకు నొక్కుకుపోయి ప్రాణం పోయింది.

తర్వాత బండిని పరీక్షించారు. వెనక ఇరుసు మితిమీరి ఊగకుండా ఆపే స్టాపర్ కుడివైపున అంతకుముందే దెబ్బతిని ఉంది. స్టీరింగ్‌లో ఎంత ఆట ఉందంటే, చక్రం సగం చుట్టుకన్నా ఎక్కువ తిప్పితే గాని కింద చక్రాలు కదలడం మొదలుకాలేదు. సీటు బెల్టు అసలు లేనేలేదు. ఈ మూడింట్లో ఏ ఒక్కటీ ఆ క్షణాన పుట్టిన లోపం కాదు. స్టీరింగ్ ఆట ఆ బండి ఎక్కిన ప్రతి మనిషి చేతికీ తెలిసి ఉంటుంది. తెలిసీ తెలిసీ అలవాటైపోయి ఉంటుంది. బెల్టు లేకపోవడం ఎవరి కంటికైనా కనిపించేదే. స్టాపర్ విషయం వంగి చూస్తే తెలిసేది.

అంత చిన్న వాలులో, అంత తక్కువ వేగంలో బండి ఎందుకు ఒరిగింది? ఫోర్క్‌లిఫ్ట్‌కు నాలుగు చక్రాలున్నా అది ఆనుకుని నిలబడేది మూడు చోట్లే. ముందు చక్రాలు రెండూ రెండు ఆధారాలు. వెనక ఇరుసు మాత్రం చట్రానికి మధ్యలో ఒకే పిన్ను మీద అటూ ఇటూ ఊగేలా బిగించి ఉంటుంది. ఎగుడుదిగుడు నేల మీద కూడా నాలుగు చక్రాలూ నేలను తాకి ఉండాలని ఆ ఏర్పాటు. మన ఆటోకు ముందు ఒక చక్రం, వెనక రెండు ఉంటాయి కదా, ఫోర్క్‌లిఫ్ట్‌కు ఆ ఒంటి చక్రం వెనక ఉందనుకోవాలి. ఆ మూడు ఆధారాల మధ్య గీసిన త్రికోణంలో బరువు కేంద్రం ఉన్నంతసేపు బండి నిలబడుతుంది, అది గీత దాటితే పడుతుంది. ఖాళీ బండికి ఆ కేంద్రం త్రికోణంలో వెనక వైపుకు, సన్నటి మొన దగ్గరికి జరిగి ఉంటుంది. కాబట్టి ఖాళీ బండిని వేగంగా మలుపు తిప్పితే పక్కకు పడే ప్రమాదం ఎక్కువ. బరువు దించేశాం, ఇక భయం లేదని తొందరపడేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

బోల్తా పడుతున్న బండిలోంచి దూకాలని మనిషికి సహజంగానే అనిపిస్తుంది. కూర్చుని నడిపే ఫోర్క్‌లిఫ్ట్‌లో ఆ పని చేయకూడదు. బండి పడే వేగం మనిషి దూకే వేగాన్ని మించిపోతుంది. బెల్టు పెట్టుకుని, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, కాళ్లు కిందికి తన్నిపెట్టి, బండి పడే వైపుకు ఎదురువైపు ఒరగాలి. నిలబడి నడిపే రకాల పద్ధతి వేరు, వాటి శిక్షణలో అది విడిగా నేర్పుతారు.

ఇక తనిఖీ. అది నేల మీద మొదలవుతుంది. రాత్రంతా బండి నిలబడిన చోట కింద నూనె మరక ఉందా అన్నది మొదటి ప్రశ్న. తడి ఉంటే అది ఇంజన్ ఆయిలా, హైడ్రాలిక్ ఆయిలా, రేడియేటర్ నీళ్లా అన్నది రెండోది. చాలా గోడౌన్లలో మరక మీద రంపపు పొట్టు చల్లేసి బండి తీసేస్తారు. నేల శుభ్రమవుతుంది గాని కారుతున్న చోటు అలాగే ఉంటుంది.

తర్వాత టైర్లు. గాలి టైరైతే గాలి, కోతలు చూడాలి. గోడౌన్లలో ఎక్కువగా కనిపించే గట్టి రబ్బరు టైర్లకు గాలి సంగతి లేదు గాని, ముక్కలు ముక్కలుగా లేచిపోతుంటాయి. ఒక పక్క టైరు బాగా అరిగి, మరో పక్కది కొత్తగా ఉంటే కింద ఒకటి రెండు సెంటీమీటర్ల తేడా వస్తుంది. అయిదు మీటర్ల ఎత్తున అది పెద్ద ఒరుగుదల అవుతుంది. చక్రాల నట్లు బిగువుగా ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూడాలి. నట్టు చుట్టూ తుప్పు గీతలు కనిపిస్తే అది కదులుతోందని అనుమానించవలసిందే.

ఫోర్కుల దగ్గర, అంటే సరుకును కింది నుంచి మోసే రెండు ఉక్కు కొమ్ముల దగ్గర, కొంచెం ఎక్కువసేపు ఆగాలి. ఎల్ అక్షరంలా మలుపు తిరిగే చోటే ఫోర్కు మీద బరువంతా పడుతుంది. పగులు పుట్టేదీ అక్కడే. దుమ్మూ గ్రీజూ తుడిచి, వెలుతురులో చూస్తే సన్నని వెంట్రుకలాంటి గీత కనిపించవచ్చు. అది కనిపించిన ఫోర్కు ఆ రోజు పనికిరాదు. గోడౌన్ బయట దొరికే వెల్డింగ్ మనిషితో అతుకు వేయించి నడిపించడం ప్రాణాలతో చెలగాటం. వేడిచేసి గట్టిపరిచిన ఆ ఉక్కు మీద మామూలు వెల్డింగ్ పడితే పక్కనే మరోచోట పెళుసుబారుతుంది. అరుగుదల సంగతి కూడా చెప్పుకోవాలి. ఫోర్కులు నేలకు రాసుకుని కింది నుంచి అరుగుతుంటాయి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మందంలో 10 శాతం పోయిన ఫోర్కును తీసేయాలి. 40 మిల్లీమీటర్ల ఫోర్కు 36కు వస్తే దాని పని అయిపోయినట్టే. నాలుగు మిల్లీమీటర్లకే అంత పట్టింపా అని అడగవచ్చు. వంగకుండా నిలిచే బలం మందం మీద ఒకటికి ఒకటిగా ఉండదు, మందం వర్గం మీద ఆధారపడుతుంది. పదో వంతు అరిగితే బలంలో దాదాపు అయిదో వంతు పోతుంది. రెండు టన్నులు మోసిన ఫోర్కు పదహారు వందల కిలోలకు దిగిపోయిందన్నమాట. పైనుంచి చూస్తే ఈ తేడా తెలియదు. కొలిచి చూడాలి.

రెండు ఫోర్కుల మొనలూ ఒకే ఎత్తున ఉన్నాయా, వాటిని జరగకుండా పట్టి ఉంచే పిన్నులు తమ గాడుల్లో కూర్చున్నాయా అన్నవి చూడటానికి అర నిమిషం చాలు.

ఫోర్కులను పైకీ కిందికీ నడిపే నిలువు చట్రాన్ని మాస్ట్ అంటారు. దాని చెయిన్లు రెండూ ఒకే బిగువుతో ఉండాలి. ఒకటి వదులుగా వేలాడుతుంటే బరువంతా రెండోదాని మీద పడుతోందని అర్థం. తుప్పు, బిగుసుకుపోయిన లింకులు, పక్కకు తిరిగిన పిన్నులు కంటికే తెలుస్తాయి. చెయిన్ ఎంత సాగిందన్నది గేజి పెట్టి మెకానిక్ కొలవాలి. ఎట్టి పరిస్థితిలోనూ మాస్ట్ మధ్యలోంచి చెయ్యి దూర్చి చెయిన్ పట్టుకుని చూడకూడదు.

హైడ్రాలిక్ హోస్ పైపుల విషయంలో మన మెకానిక్ షెడ్లలో ఒక చెడ్డ అలవాటుంది. ఎక్కడో సన్నగా నూనె చిమ్ముతోందని అనుమానం వస్తే పైపు వెంట చేత్తో తడుముతారు. ఫోర్క్‌లిఫ్ట్ హైడ్రాలిక్ పైపుల్లో ఒత్తిడి గాలి నింపిన కారు టైరులోని ఒత్తిడికి ఎన్నో రెట్లు. సూదిమొనంత రంధ్రంలోంచి ఆ ఒత్తిడితో వచ్చే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళ్లిపోతుంది. పైకి చిన్న చుక్కలాంటి గుర్తు మాత్రమే ఉంటుంది. మొదట నొప్పి కూడా పెద్దగా ఉండదు. పసుపో అయోడినో రాసుకుని పనిలోకి దిగిపోతారు. కొన్ని గంటలకు చెయ్యి వాస్తుంది. లోపల కండలు చెడిపోవడం మొదలవుతుంది. ఆపరేషన్ ఆలస్యమైతే వేలు పోవచ్చు, చెయ్యే పోవచ్చు. నూనె ఎక్కడ చిమ్ముతోందో చూడాలంటే అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. ఒకవేళ చేతికి తగిలిందంటే, గాయం ఎంత చిన్నగా కనిపించినా, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఒత్తిడితో నూనె లోపలికి పోయిందన్న మాట డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి. ఈ ఒక్క సంగతి వింటున్న మెకానిక్‌లకు గుర్తుంటే అదే చాలు.

బండి మీద ఒక రేకు ఉంటుంది, డేటా ప్లేట్ అంటారు. ఎన్నో బండ్లలో అది మట్టి పట్టి, పెయింటు పడి చదవరాకుండా ఉంటుంది. ఆ రేకే బండి అసలు శక్తిని చెబుతుంది. రెండున్నర టన్నుల బండి అంటే ఏ సరుకైనా రెండున్నర టన్నులు ఎత్తుతుందని కాదు. సరుకు బరువు కేంద్రం ఫోర్కు నిలువు ముఖం నుంచి 500 మిల్లీమీటర్ల దూరంలో ఉంటేనే ఆ మాట. మీటరున్నర పొడవున్న పెట్టెకు ఆ దూరం 750 మిల్లీమీటర్లవుతుంది. అప్పుడు అదే బండి రెండు టన్నులకు అటూ ఇటూగా మాత్రమే ఎత్తగలదు. మోడల్‌ను బట్టి, ఎంత ఎత్తుకు తీసుకెళ్తున్నారన్న దాన్ని బట్టి ఇది ఇంకా తగ్గుతుంది. డ్రమ్ములు పట్టుకునే క్లాంపు లాంటివి తగిలిస్తే మళ్లీ తగ్గుతుంది. రేకు చదవలేకపోతే ఆపరేటర్ అంచనాల మీద నడుస్తున్నట్టే.

బ్యాటరీ బండ్లలో మరో సంగతి ఉంది. అక్కడ బ్యాటరీ కరెంటు ఇవ్వడంతోపాటు ముందు బరువుకు తూకంగా కూడా పనిచేస్తుంది. 48 వోల్టుల బ్యాటరీ ఒక్కటే టన్ను దాకా తూగవచ్చు. పాతది పోయిందని చవగ్గా దొరికిన తేలికపాటి బ్యాటరీ పెడితే బండి నడుస్తుంది గాని, మునుపటంత బరువు ఎత్తితే వెనక చక్రాలు లేస్తాయి. అందుకే డేటా ప్లేట్ మీద బ్యాటరీ కనీస బరువు కూడా రాసి ఉంటుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది 4 శాతానికి చేరితే నిప్పురవ్వ చాలు. కాబట్టి చార్జింగ్ గదిలో గాలి ఆడాలి, బీడీ సిగరెట్లు బయటే ఆగాలి, చార్జర్ ఆపకుండా కేబుల్ పీకకూడదు. డీజిల్ బండ్లను మూసి ఉన్న గోడౌన్‌లో నడిపేచోట కార్బన్ మోనాక్సైడ్ పేరుకోవచ్చు. దానికి రంగు లేదు, వాసన లేదు. మధ్యాహ్నానికి నలుగురికి తలనొప్పి అంటే ఎండదెబ్బని సరిపెట్టుకోకుండా ఆ పొగను కూడా అనుమానించాలి.

చుట్టూ తిరగడం అయ్యాక, మూడు ఆధారాలు వదలకుండా, అంటే ఒక చెయ్యి రెండు కాళ్లో, రెండు చేతులు ఒక కాలో ఆనించి ఉంచుతూ బండి ఎక్కాలి. బెల్టు పెట్టుకుని అప్పుడు తాళం తిప్పాలి. బ్రేకు పెడల్ గట్టిగా నిలబడాలి, తొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి దిగిపోకూడదు. హ్యాండ్ బ్రేకు బండిని కదలనివ్వకూడదు. స్టీరింగ్ ఆట చూసుకోవాలి. హారన్, లైట్లు, రివర్సు అలారం. పైన స్ప్రింక్లర్ పైపులూ దీపాలూ లేనిచోటు చూసుకుని మాస్ట్‌ను పూర్తిగా ఎత్తి దించాలి, ముందుకూ వెనక్కూ వంచాలి, ఆ చప్పుడు చెవిపెట్టి వినాలి. రోజూ వినే చెవికి కొత్త చప్పుడు ఇట్టే తెలుస్తుంది. లోపలికి బయల్దేరే ముందు నాలుగడుగులు నడిపి బ్రేకు వేసి చూడాలి. అంతే.

బండి బాగున్నా నేల బాగోకపోవచ్చు. రొయ్యల ఎగుమతిలో ఆంధ్రప్రదేశ్ పెద్ద పేరు తెచ్చుకుంది. విశాఖ, కాకినాడ, భీమవరం, నెల్లూరు ప్రాంతాల కోల్డ్ స్టోరేజీల్లో సరుకును మైనస్ 18 డిగ్రీల చలిలో ఉంచుతారు. తలుపు బయట కోస్తా ఉక్కపోత. ఆ రెండూ కలిసే గుమ్మం దగ్గర నేల చెమర్చి, ఒక్కోసారి మంచు పేరుకుని, జారుతుంటుంది. లోపలి నుంచి వచ్చిన బండి చక్రాలు, బ్రేకులు తడిసిపోతాయి. చలికి బ్యాటరీ కూడా త్వరగా దిగిపోతుంది. ఇలాంటి చోట పొద్దున ఒకసారి చూసి ఊరుకోకుండా మధ్యాహ్నం మరోసారి చూడటం అవసరం. వానాకాలంలో మామూలు గోడౌన్లలో లారీలు వచ్చి ఆనే లోడింగ్ డాక్‌కూ ఇదే వర్తిస్తుంది. డాక్ దగ్గర ఇంకొకటి కూడా చూడాలి. లారీ చక్రాలకు చెక్కలో రాళ్లో అడ్డం పెట్టారా లేదా అన్నది. ఫోర్క్‌లిఫ్ట్ లారీలోకీ బయటికీ తిరుగుతుంటే ఆ కుదుపులకు లారీ అంగుళం అంగుళంగా ముందుకు జరుగుతుంది. లారీకీ డాక్‌కూ మధ్య సందు ఏర్పడి ముందు చక్రం అందులో దిగుతుంది.

నేల లాగే ర్యాకులు కూడా బాగోకపోవచ్చు. 2016 మే నెలలో ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్ ప్రాంతం హిన్‌స్టాక్‌లో, జున్ను నిలవచేసిన ఒక పెద్ద గోడౌన్‌లో ర్యాకులు ఒకదాని మీద ఒకటి కుప్పకూలాయి. ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతున్న మనిషి ఆ గుట్ట కింద దాదాపు ఎనిమిది గంటలు ఉండిపోయాడు. సహాయక దళాలు దారి చేసుకుంటూ వెళ్లి ప్రాణాలతో బయటికి తెచ్చాయి. అతని చుట్టూ బండి చట్రం లేకపోతే ఆ ఎనిమిది గంటలు బతికి ఉండటం కష్టమయ్యేది. ఆపరేటర్ తల మీది ఆ చట్రాన్ని తనిఖీలో ఎవరూ పెద్దగా చూడరు. ఎత్తు తక్కువ గుమ్మంలోంచి పోవడం కోసం దాన్ని విప్పి పక్కన పెట్టేసే చోట్లు కూడా ఉన్నాయి. ఆ పని ఎవరు చేయమన్నా ఆపరేటర్ ఒప్పుకోకూడదు.

ఇంతవరకు చెప్పినదంతా కలిపితే, అలవాటైన ఆపరేటర్‌కు పది నిమిషాల పని. చేయనివాళ్లు తెలియక మానడం లేదు. చాలా గోడౌన్లలో దీనికి అచ్చువేసిన కాగితం ఉంటుంది. వరసగా పాతికో ముప్పయ్యో గళ్లు. అసలు చిక్కంతా అక్కడే. నెల చివరి రోజున కూర్చుని ముప్పయి రోజుల గళ్లూ ఒకే పెన్నుతో, ఒకే వాలులో టిక్కులు పెట్టిన కాగితం ఆడిటర్‌కు చూపిస్తే అది తనిఖీ జరిగినట్టు కాదు. అమెరికా నిబంధన బండిని కనీసం రోజుకొకసారి పరీక్షించాలంటుంది. రాత్రింబవళ్లు నడిచే చోట ప్రతి షిఫ్టు తర్వాతా చూడాలంటుంది. లోపం కనిపిస్తే బాగుచేసేదాకా పని నుంచి తప్పించాలంటుంది. కానీ ఆ రోజువారీ తనిఖీని కాగితం మీద పెట్టాలని మాత్రం అడగదు. అడిగేది చూడటాన్ని, ఆపడాన్ని. మన దేశంలో 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్‌లో బరువులెత్తే యంత్రాలను కనీసం 12 నెలలకోసారి అర్హుడైన పరీక్షకుడి చేత క్షుణ్ణంగా పరీక్ష చేయించాలన్న నియమం పెట్టింది. చాలా కంపెనీలు ఫోర్క్‌లిఫ్ట్‌లకు కూడా ఏటా అలాంటి సర్టిఫికెట్ తీసుకుంటాయి. అది అవసరమే. అయితే ఏడాదికొకసారి వచ్చే పరీక్షకుడికి నిన్న సాయంత్రం గోడకు తగిలి వంగిన ఫోర్కు కనిపించదు. అది ఈ ఉదయం బండి ఎక్కే మనిషికే కనిపిస్తుంది.

షిఫ్టు మారే వేళ గోడౌన్లలో వినిపించే మాట ఒకటుంది. బండి దిగేవాడు ఎక్కేవాడితో, తమ్ముడూ, బ్రేకు కొంచెం లేటుగా పడుతోంది, చూసి నడుపు అంటాడు. అందులో నిజంగానే ఆప్యాయత ఉంది. సాటి పనివాడికి దెబ్బ తగలకూడదన్న తపన ఉంది. కానీ బాగుచేయవలసిన లోపం ఆ మాటతో జాగ్రత్తగా మారి, ఒక చేతి నుంచి మరో చేతికి, ఒక షిఫ్టు నుంచి మరో షిఫ్టుకు వెళ్లిపోతుంది. మూడో రోజున ఎవరో కొత్త కుర్రవాడు బండి ఎక్కుతాడు. అతనికి ఆ మాట చెప్పేవాళ్లుండరు.

ఆ అన్న చూసి నడుపు అని ఎందుకన్నాడు, బండి ఆపు అని ఎందుకు అనలేదు? చాలాచోట్ల అతను కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. బండి ఆపితే డాక్ దగ్గర ఆరు లారీలు ఆగుతాయి. సూపర్‌వైజర్‌కు పైనుంచి ఫోన్లు వస్తాయి. రేపు ఉదయం గేటు దగ్గర తన పేరు ఉంటుందో లేదో తెలియదు. అతనికి భద్రత గురించి ఎన్ని పాఠాలు చెప్పినా ఈ లెక్క మారదు. మార్చగలిగింది యాజమాన్యమే. అందుకు ఒక సందర్భమూ ఉంది. మన జాతీయ భద్రతా మండలి 1966 మార్చి 4న ఏర్పడింది. ఆ తేదీనే ఏటా జాతీయ భద్రతా దినంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు ఫ్యాక్టరీల్లో, గోడౌన్లలో బ్యానర్లు కడతారు, ప్రతిజ్ఞ చేయిస్తారు. దానితోపాటు ఒక లెక్క కూడా అందరి ముందూ చదివితే బాగుంటుంది. ఈ ఏడాది ఆపరేటర్ మాట మీద ఎన్నిసార్లు బండి ఆపాం? సున్నా అని వస్తే అక్కడి బండ్లన్నీ బాగున్నాయని నమ్మడం కష్టం. అక్కడ చెప్పే ధైర్యం ఎవరికీ లేదని అనుమానించాలి.

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కడప ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లి అక్కడి గోడౌన్లలో ఈ బండ్లు నడుపుతున్న తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. దుబాయ్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడపాలంటే దానికంటూ వేరే లైసెన్సు పరీక్ష నెగ్గాలి. ఆ శిక్షణ పొంది తిరిగివచ్చిన మనిషి మేడ్చల్‌లోనో మంగళగిరిలోనో పనికి చేరితే అతన్ని కొత్తవాళ్లకు నేర్పే చోట నిలబెట్టడం తెలివైన పని. మామూలుగా మాత్రం అతన్నీ తీసుకెళ్లి లోడు తొందరలో పడేస్తారు.

ఆపరేటర్ భయపడకుండా బండి ఆపగలగాలంటే చేయవలసిన ఏర్పాటుకు పెద్ద ఖర్చు లేదు. లోపం కనిపించిన బండికి ఎర్ర ట్యాగు కట్టి, తాళం తీసి, ఒక పెట్టెలో వేసే అధికారం ఆపరేటర్‌కు ఉండాలి, ఎవరినీ అడగనక్కర్లేకుండా. ఆ పెట్టె తెరిచే హక్కు సూపర్‌వైజర్‌కు ఉండకూడదు, బాగుచేసిన మెకానిక్‌కే ఉండాలి. అతను ఏం చేశాడో రాసి సంతకం పెట్టాలి. ట్యాగు కట్టిన ఆపరేటరే మళ్లీ బండి ఎక్కి బ్రేకు వేసి చూసి, పక్కన తన సంతకం పెట్టాకే తాళం చేతికి రావాలి. ఈలోగా ఆ షిఫ్టు లోడింగ్ లక్ష్యాన్ని ఒక బండి మేరకు తగ్గించి రాయాలి, ఆ ఆపరేటర్ హాజరు పూర్తిగా వేయాలి.